పిల్లలూ, వైరస్సూ, బడి తలుపులూ

సభకు నమస్కారం.

2020 వసంతంలో కరోనా వైరస్ వల్ల ప్రపంచమంతటా బడులు మూతపడ్డాయి. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో లెక్కన 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు ఆగింది. మూసేటప్పుడు ఎవరూ పెద్దగా వాదించలేదు. తెరిచేటప్పుడే గొడవంతా వచ్చింది. పిల్లల వల్ల వైరస్ అంతగా వ్యాపించదని కొందరు నిపుణులు, పెద్దలతో సమానంగా వ్యాపిస్తుందని మరికొందరు. మధ్యలో తల్లిదండ్రులు, టీచర్లు నలిగిపోయారు. ఆ రెండు పక్షాలూ చూపించిన ఆధారాలేమిటో ఇవాళ కాస్త దగ్గరగా చూద్దాం.

ఐస్‌లాండ్‌లో సామాన్య జనానికి చేసిన పరీక్షల్లో పదేళ్లలోపు పిల్లలు 848 మంది ఉంటే, ఒక్కరిలోనూ వైరస్ కనబడలేదు. అంతకు పైబడిన వయసువాళ్లలో నూటికి 0.8 మందిలో కనబడింది. చాలామంది ఈ అంకె పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. కానీ అది చెప్పింది చిన్నపిల్లలకు సోకడం తక్కువని మాత్రమే. సోకిన పిల్లవాడి నుంచి పక్కవాళ్లకు ఎంత అంటుకుంటుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం వల్లే చర్చ దారి తప్పిందని నా నమ్మకం.

రెండో ప్రశ్నకు జవాబు దక్షిణ కొరియా నుంచి వచ్చిందనుకున్నారు. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలున్న ఇళ్లలో వ్యాప్తి పెద్దలకు తీసిపోలేదని 2020 జులైలో ఒక అధ్యయనం చెప్పింది. వార్త గుప్పుమంది. అయితే ఇంట్లో ముందు బయటపడ్డ కేసు పిల్లవాడిదైతే, మిగతావాళ్లకు అతని నుంచే సోకిందని చెప్పలేం. అందరూ ఒకే చోట అంటించుకుని ఉండొచ్చు, పిల్లవాడికి జ్వరం ముందు వచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత అదే దేశపు పరిశోధకులు ఈ కోణంలో తరచి చూస్తే, పిల్లల నుంచే ఇంటివాళ్లకు సోకిందని చెప్పగలిగిన కేసులు చాలా కొద్ది. మొదటి వార్త చదివినవాళ్లలో ఎందరికి ఈ రెండోది చేరింది?

ఇక జెరూసలేం. ఇజ్రాయెల్ 2020 మే 17న బడులు పూర్తిగా తెరిచింది. పదిరోజుల్లోనే అక్కడి ఒక హైస్కూల్లో కేసులు బయటపడ్డాయి. చివరికి 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకినట్టు తేలింది. ఆ గదులెలా ఉన్నాయో చూడండి. తరగతికి 35 నుంచి 38 మంది. ఒక్కొక్కరికి దక్కింది చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ, అంటే చెయ్యి చాపితే పక్కవాడి భుజం తగులుతుంది. పైగా విపరీతమైన ఎండలని మాస్కులకు మినహాయింపు ఇచ్చారు, ఏసీలు ఆపకుండా నడిపారు. దానికి నెల ముందే, ఏప్రిల్ 15న, డెన్మార్క్ చిన్న తరగతులను తెరిచింది. పిల్లల్ని చిన్న గుంపులుగా విడదీసి, వీలైనంతవరకు ఆరుబయట కూర్చోబెట్టింది. అక్కడ వ్యాప్తి చెయ్యిదాటలేదు. రెండుచోట్లా ఉన్నది పిల్లలే. వయసు, గది, గాలి, ఊళ్లో అప్పటికి ఉన్న కేసులు, ఇవన్నీ వేరు.

అందుకే 'పిల్లలు వ్యాపింపజేస్తారా, లేదా' అని ఒక్క ముక్కలో జవాబిచ్చే సలహా ఏదైనా సరే నాకు నమ్మబుద్ధి కాదు.

సలహా మారడం గురించి కూడా చెప్పాలి. అమెరికాలో అంటువ్యాధుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2021 మార్చిలో, మాస్కులు పెట్టుకున్న విద్యార్థుల మధ్య తరగతి గదిలో దూరాన్ని చాలావరకు ఆరడుగుల నుంచి మూడడుగులకు తగ్గించింది. కొత్త సమాచారం వస్తే మార్చడమే సరైన పని. ఆరడుగులు అన్ననాడే 'ఇది ఇప్పటికి మా అంచనా, ఫలానాది తెలిస్తే మారుస్తాం' అని అంతే గట్టిగా చెప్పి ఉంటే, మార్చిన రోజు జనం అంతగా అనుమానించేవారు కాదు.

ఈ వాదనంతటిలో ఎక్కువ నష్టపోయింది ఇంట్లో ఫోను లేని పిల్లలు, మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం మీదే ఆధారపడ్డ పిల్లలు. వాళ్ల నష్టం కేసుల పట్టికలో కనబడదు. అలాగని గుండెజబ్బున్న టీచరు భయాన్ని పిరికితనమని కొట్టిపారేయడం అన్యాయం. పిల్లలకు తేలిగ్గా పోయే జబ్బు ఆమెకు తేలిగ్గా పోకపోవచ్చు. ఇకమీదట బడుల గురించి ఆరోగ్యశాఖ ఏ కాగితం విడుదల చేసినా, అందులో ఈ రెండు నష్టాలూ పక్కపక్కనే రాయమని అడగండి. అది ఏ వయసు పిల్లలకు, ఎలాంటి గదికి, ఊళ్లో ఎన్ని కేసులున్నప్పుడు వర్తిస్తుందో, మళ్లీ ఏ తేదీన సమీక్షిస్తారో కూడా రాయమనండి.