రెండో కణం సంగతి ఎవరూ అడగరేంటి?

వేదిక మీదున్న పెద్దలందరికీ కలిపి ఒకటే నమస్కారం, పేర్లన్నీ చదువుతూ కూర్చుంటే నాకిచ్చిన టైం అందులోనే అయిపోతుంది. టాపిక్ ‘పూల మొక్కల్లో ప్రత్యుత్పత్తి’ అన్నారు. చెప్తాను గానీ, ముందు ఒక కోపం ఉంది, అది కక్కేయాలి.

ఒక క్లాసులో ఒకమ్మాయి లేచి, “పుప్పొడి రేణువు రెండు మగ కణాలు తెస్తుంది కదా, ఒకటి అండంతో కలిస్తే పిండం వచ్చేస్తుంది, మరి రెండోది దేనికి సార్?” అని అడిగింది. ఆ సార్ ఏమన్నాడో తెలుసా? “పిండకోశం, అదే అండం ఉండే సంచి, దాని బొమ్మ నేర్చుకో, ఏడు కణాలు, ఎనిమిది కేంద్రకాలు, లేబుల్స్ పెట్టు, మార్కులు దానికే.” అయిపోయింది, ఆ పిల్ల కూర్చుంది. ఏడూ ఎనిమిదీ మనకి కంఠతా వచ్చు, ఆ రెండో కణం ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ పట్టదు.

అది పిండకోశం మధ్యలో ఉన్న పెద్ద కణంలోకి వెళ్లి, అక్కడున్న రెండు కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదం అవుతుంది. పిండానికి తిండి అదే. గోధుమ పిండి అదే, బియ్యం గింజలో తెల్లగా కనపడేదంతా అదే, కొబ్బరి నీళ్లూ అదే! అంటే మనుషుల తిండిలో పెద్ద వాటా ఆ రెండో కణం పుణ్యమే, దానికి మనం ఇచ్చేది అర మార్కు.

రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు నవాషిన్ ఈ రెండో కలయికని లిల్లీ జాతి మొక్కల్లో 1898లో చూశాడు. అప్పటిదాకా మొక్కజొన్న ఒక చిక్కుముడి. తెల్ల గింజల రకం పీచు మీద పసుపు రకం పుప్పొడి పడితే అదే పొత్తులో, అదే పంటలో, పసుపు గింజలు వచ్చేస్తాయి. తండ్రి పోలిక వస్తే రేపటి మొక్కలో రావాలి గానీ ఇప్పుడున్న గింజ రంగే ఎలా మారింది? పిండంలాగే అంకురచ్ఛదానికి కూడా తండ్రి ఉన్నాడు కాబట్టి! 1899లో డి వ్రీస్, కోరెన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞులు ఇదే చెప్పారు. మైక్రోస్కోప్ లేకుండా, ఉత్త కళ్లతో కనపడే రుజువండీ ఇది, బోర్డు మీద గుండ్రాలు గీస్తూ కూర్చుంటాం మనం.

ఢిల్లీ యూనివర్సిటీలో శిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి 1964లో ఉమ్మెత్త జాతి మొక్క పరాగకోశాల్ని, అంటే పుప్పొడి తయారయ్యే సంచుల్ని, ల్యాబులో పోషకాల కల్చర్‌లో పెడితే, ఫలదీకరణే లేకుండా పుప్పొడి నుంచే పిండాలు వచ్చాయి, అదింకో పెద్ద కథ, దానికి ఇంకో సభ పెట్టండి, వస్తాను.

సరే, టీచర్లు ఉన్నారు కదా ఇక్కడ, ఫోన్లు పక్కన పెట్టండి ఒక్కసారి. బల్లల మీద లేత మొక్కజొన్న పొత్తులు పెట్టించాను. పీచులో ఒక్కో పోగూ ఒక్కో గింజకి కీలం, అంటే అండం దాకా దారి, దాని పొడవునా పుప్పొడి నుంచి మొలిచే గొట్టం, పరాగనాళం, లోపలికి పెరుగుతూ పోవాలి, దాదాపు ఒక్క రోజులో. పై ఆకులు మెల్లగా ఒలవండి, పీచు లాగొద్దు, లాగొద్దండీ బాబూ! ఇప్పుడు పొత్తు పట్టుకుని దులపండి. పోగు రాలిపోయిందంటే అక్కడ ఫలదీకరణ అయిపోయినట్టు, అంటుకునే ఉందంటే ఇంకా కాలేదు. కొస దగ్గర పోగులు ఆలస్యంగా బయటికొస్తాయి కాబట్టి అవే ఎక్కువ అంటుకుని ఉంటాయి, చూడండి. వెనక వరసకి పొత్తులు అందాయా? టీ బ్రేక్ పది నిమిషాలు లేటవుతుంది, తిట్టుకునేవాళ్లు నన్నే తిట్టుకోండి.