కమీషన్ ఎవరి చేతికి? డల్లాస్ అక్కతో కబుర్లు

తమ్ముడు: రికార్డింగ్ ఆన్ అయింది అక్కా. వినేవాళ్లకి ఒక మాట. ఈ అక్క డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది, ఇళ్లు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం తన పని. పేరు వద్దంది కాబట్టి అక్క అనే పిలుస్తాను. నిన్ను ఎందుకు పిలిచానో ముందే చెప్పేస్తా. పోయిన నెల మా టీమ్‌లో ఒకతన్ని మాకు తెలిసిన ఏజెంట్‌కి పరిచయం చేశాను, అతను ఇల్లు కొనేశాడు. ఆవిడకి ఫోన్ చేసి "మరి నాకేం లేదా?" అన్నాను. నవ్వి ఫోన్ పెట్టేసింది.

అక్క: నవ్వక ఏం చేస్తుంది? నీకు డబ్బు ఇస్తే ఆవిడ లైసెన్సు మీదకి వస్తుంది.

తమ్ముడు: ఒక్క ఫోన్ నంబర్ ఇచ్చినందుకే?

అక్క: నంబర్ ఇవ్వడం తప్పు కాదు, రోజూ ఇవ్వు. దానికి డబ్బు తీసుకోవడం దగ్గరే గొడవ. టెక్సస్ చట్టంలో కొనేవాళ్లని వెతికిపెట్టి డబ్బు తీసుకోవడం కూడా బ్రోకర్ పనే. ఆ పనికి లైసెన్సు కావాలి. లైసెన్సు లేకుండా చేస్తే క్లాస్ ఎ మిస్‌డిమీనర్, అంటే ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. ఇక వీసా మీద ఉన్నవాడికి అలాంటి కేసు ఒకటి తగులుకుంటే ఎంత టెన్షనో నేను చెప్పక్కర్లేదు.

తమ్ముడు: అమ్మో. మరి అందరూ "ఫ్రెండ్‌ని పంపు, 500 ఇస్తా" అంటుంటారే!

అక్క: అనేవాళ్లు ఉన్నారు, వాట్సాప్ గ్రూపుల్లో నేనూ చూశాను, చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ట్రెక్, అంటే మాకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్, ఇచ్చిన వెసులుబాటు ఒక్కటే. 50 డాలర్లకి మించని వస్తువు ఏదైనా బహుమతిగా ఇవ్వచ్చు. క్యాష్ మాత్రం ఐదు డాలర్లైనా కుదరదు. కానీ ఇల్లు కొంటున్న నా క్లయింట్‌కే నా కమీషన్‌లో కొంత వెనక్కి ఇస్తే, దాన్ని రిబేట్ అంటారు, అది ఇక్కడ ఓకే. మా బ్రోకర్ ఒప్పుకోవాలి, లోన్ ఉంటే క్లోజింగ్ కాగితాల్లో, అంటే ఇల్లు చేతులు మారేటప్పుడు సంతకాలు పెట్టే కాగితాల్లో, కనపడాలి. మనవాళ్లు రిబేట్‌నీ రిఫరల్ డబ్బునీ కలిపేసి ఒకటే అనుకుంటారు. అన్నట్టు, కొన్ని రాష్ట్రాల్లో ఈ రిబేట్ కూడా కుదరదు.

తమ్ముడు: మా బ్రోకర్ అన్నావు. నువ్వే బ్రోకర్‌వి కదా?

అక్క: కాదురా! నేను సేల్స్ ఏజెంట్‌ని. ఊళ్లో బ్రోకర్ అంటే తిట్టులా ఉంటుంది, ఇక్కడ అది మాకంటే పై మెట్టు. నా లైసెన్సు ఒక బ్రోకర్ కింద వేలాడుతూ ఉంటుంది. స్పాన్సర్ చేసే బ్రోకర్ లేకపోతే పరీక్ష పాసైనా లైసెన్సు ఇనాక్టివ్, ఒక్క ఇల్లు కూడా చూపించలేను. కమీషన్ కూడా నేరుగా నా చేతికి రాదు, బ్రోకర్‌కి వెళ్లి అక్కణ్ణుంచి నా వాటా వస్తుంది. నేను తప్పు చేస్తే ట్రెక్ ఆయన్నీ అడుగుతుంది.

తమ్ముడు: చదువు ఎంత? మా ఆవిడ నా మీద డిపెండెంట్‌గా హెచ్4 వీసాలో ఉంది, ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి, కూడా ఉంది, వీకెండ్‌లో చేసేద్దాం అంటోంది.

అక్క: 180 గంటలు, వీకెండ్‌లో ఎలా అయిపోతుంది? ఆరు కోర్సులు, ఒక్కోటి 30 గంటలు. ఏజెన్సీ చట్టం, కాంట్రాక్టుల చట్టం, ట్రెక్ వాళ్ల కాంట్రాక్టు ఫారాలు, ఫైనాన్స్, ఇంకా ప్రిన్సిపుల్స్, అంటే రియల్ ఎస్టేట్ మూల సూత్రాలు, రెండు భాగాలు. నాకు ఫారాల కోర్సే ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే ఇక్కడ మనిష్టం వచ్చినట్టు అగ్రిమెంట్ రాయకూడదు, రాస్తే లాయర్ పని చేసినట్టు అవుతుంది. తర్వాత వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, పరీక్ష. పరీక్షలో నేషనల్ ఒక భాగం, టెక్సస్ ఒక భాగం, రెండిట్లోనూ 70 శాతం రావాలి. మూడుసార్లు తప్పితే మళ్లీ క్లాసులకి పొమ్మంటారు. పాసైపోతే చదువు అయిపోయినట్టేననుకోకు, మొదటి రెండేళ్లలో ఇంకో 90 గంటలు. ఆ తర్వాత ప్రతి రెండేళ్లకీ 18.

తమ్ముడు: ఈఏడీ ఉంది కాబట్టి తను చెయ్యచ్చు. మరి హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్న నేను?

అక్క: నువ్వు వద్దు. పరీక్ష రాయడం వేరు, కమీషన్ తీసుకోవడం వేరు. హెచ్1బి మీద నీకు పిటిషన్ వేసిన కంపెనీకే పని చెయ్యాలి. "సైడ్‌లో చేసుకో, ఎవరికి తెలుస్తుంది" అనేవాడి మాట వినకు, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగు.

తమ్ముడు: మా వదిన న్యూజెర్సీలో ఏజెంట్. ఇక్కడికి మారిపోతున్నారు, ఆ లైసెన్సు చెల్లుతుందా?

అక్క: చెల్లదు. అక్కడ 75 గంటలే, ఇక్కడ 180, పైగా టెక్సస్‌కి ఏ రాష్ట్రంతోనూ రెసిప్రాసిటీ, అంటే ఒకరి లైసెన్సు ఇంకొకరు ఒప్పుకునే ఏర్పాటు, లేదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. ఇల్లినాయ్‌లో అయితే ఇంకా తమాషా, అక్కడ కొత్తగా వచ్చినవాళ్ల లైసెన్సు మీద కూడా బ్రోకర్ అనే రాసి ఉంటుంది, పైన ఉండేవాణ్ణి మేనేజింగ్ బ్రోకర్ అంటారు. టెక్సస్‌లో బ్రోకర్ అవ్వాలంటే నాలుగేళ్ల అనుభవం, మొత్తం 900 గంటల చదువు. నేనింకా సగం దారిలో ఉన్నా.

తమ్ముడు: హైదరాబాద్‌లో వాచ్‌మన్‌కి కూడా ఎంతో కొంత ముడుతుంది. మనకి ఇలాంటి రూల్సే లేవా?

అక్క: ఎందుకు లేవు? 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అదే రెరా, దాని ప్రకారం రెరాలో రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మిపెట్టాలంటే ఏజెంట్ రిజిస్టర్ చేసుకోవాలి. చేసుకోకపోతే రోజుకి 10,000 రూపాయల జరిమానా, ఆ ఆస్తి ధరలో 5 శాతం దాకా పోతుంది. కాకపోతే ఆ చట్టంలో ఇన్ని గంటలు చదవాలి, ఈ పరీక్ష రాయాలి అని లేదు. మహారాష్ట్ర మాత్రం 2023లో సొంతంగా ట్రైనింగ్, పరీక్ష పెట్టింది. ఇంకో సంగతి, పాత ఇండిపెండెంట్ ఇంటి రీసేల్, అద్దె ఇళ్లు, ఇవి ఆ రిజిస్ట్రేషన్ కిందకి రావు. మా నాన్న మియాపూర్‌లో ఫ్లాట్ అమ్మినప్పుడు మధ్యవర్తులు ముగ్గురు తేలారు, ముగ్గురూ రెండు పర్సెంట్ అడిగారు! ఎవరు ఎవరి తరఫునో చివరిదాకా తెలియలేదు.

తమ్ముడు: ఇక్కడైతే?

అక్క: ఇక్కడ మొదట్లోనే కాగితం ఇవ్వాలి. బ్రోకరేజ్ సేవల సమాచారం అని ఒక ఫారం ఉంటుంది, ఎవరు ఎవరి పక్షాన ఉంటారో అందులో చెప్తారు. చాలామంది చదవకుండా సంతకం పెడతారు, చదవండి బాబూ. 2024 ఆగస్టు నుంచి రియల్టర్ల సంఘం రూల్ ప్రకారం ఇల్లు చూపించేముందే కొనేవాళ్లతో రాతపూర్వక అగ్రిమెంట్ కూడా ఉండాలి, అందులో నా ఫీజు ఎంతో రాయాలి. ఏజెంట్ పేరు ట్రెక్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, లైసెన్సు నడుస్తోందా, ఏ బ్రోకర్ కింద ఉన్నారు, చర్యలేమైనా తీసుకున్నారా, అన్నీ కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

తమ్ముడు: అక్కా, ఒక చిన్న డౌటు. ఆ ఏజెంట్ నిన్న మా ఇంటికి కాజూ కట్లీ పంపింది.

అక్క: ఎంత?

తమ్ముడు: రెండు కిలోల డబ్బా.

అక్క: బిల్లు ఉందా అందులో?

తమ్ముడు: సగం తినేశాం.

అక్క: డల్లాస్‌లో కిలో ఎంతో తెలుసా నీకు? రికార్డింగ్ ఆపు ముందు.