ఊడలు దిగాక గుంటక తోలుతున్నాం

నమస్తే. "ఈ తల్లిదండ్రులకు చదువంటే పట్టదండీ, మీటింగుకు పది మంది కూడా రారు." స్టాఫ్‌రూములో ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పదేళ్లు నేనూ ఇదే మాట అన్నవాణ్ణి కాబట్టి ఇంకాస్త ఎక్కువే మండుతుంది.

మన అనంతపురం వేరుశనగనే తీసుకోండి. పువ్వు పైన పూస్తుంది, కాయ నేలలో ఊరుతుంది. మధ్యలో ఊడ, అంటే పువ్వు నుంచి వచ్చే కాడ, నేలలోకి దిగాలి. నేల గుల్లగా, పదునుగా ఉంటేనే దిగుతుంది. బడిలో మనం చెప్పే పాఠం పువ్వు. అది ఊరాల్సిన నేల ఇల్లు.

మరి ఆ నేలను మనం ఏం చేస్తున్నాం? పిల్లవాడు కొట్లాడితే ఫోను, మార్కులు తగ్గితే ఫోను. బడి నంబరు కనబడగానే ఆ తల్లికి గుండె దడ. రెండోసారి ఎత్తదు. నేల బిగిసిపోయింది!

జూన్‌లో బడి తెరిచిన పదిహేను రోజుల్లోపు ఒక్క ఫోను చేసి చూడండి. "అమ్మా, మీ పాప ఈరోజు ఎక్కాలు గడగడా చెప్పింది." అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "ఏం తప్పు చేసింది సార్?" అని అడుగుతుంది. నవ్వకండి, ఆ ప్రశ్న మన పుణ్యమే. "ఏమీ లేదమ్మా, ఇది చెప్పడానికే చేశాను" అనండి. అదే తొలి దుక్కి.

మనమేమో ఫిబ్రవరిలో, పరీక్షలు నెత్తిన పెట్టుకుని వెళతాం. ఊడలు దిగిన చేలో గుంటక, అదే కలుపు తీసే పనిముట్టు, తోలితే ఏమవుతుందో ఏ రైతునైనా అడగండి. ఊడలు తెగిపోతాయి.

ఇక సుగ్గి, అంటే కూలి పనులకు వలస. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళతాయి. బయలుదేరకముందే మాట్లాడితే పిల్లను అవ్వ దగ్గరో, వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లోనో ఉంచే దారి దొరుకుతుంది. వెళ్లిపోయాక మనకు మిగిలేది రిజిస్టరులో గైర్హాజరు వేయడమే.

సమయం అయిపోతోంది, గబగబా చెబుతాను. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, ప్రగతి చెప్పడం 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుల విధి. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులూ సంరక్షకులే ఉండాలి. వాళ్లను సంతకాలకే పిలుస్తున్నామా? 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా జరిగిన తల్లిదండ్రులు, టీచర్ల మెగా సమావేశం మంచి వాన. తర్వాతి తడి మనమే పెట్టాలి. మీటింగు సాయంత్రం పెట్టండి, కూలి పోదు. చదవడం రానివాళ్లకు వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపండి. హాజరు సంగతి వచ్చే వీడియోలో.