చేపకు దారి ఎవరు చూపిస్తారు?

అందరికీ నమస్కారం. ఫలానా చేప ఎక్కడ ఉంటుందండీ అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను తిరిగి అడుగుతాను: ఏ వయసులో, ఏ నెలలో, పగలా రాత్రా? ఇవి తెలియకుండా తీరం దగ్గరి చేపకు అడ్రస్ చెప్పలేం.

పండుగప్పనే తీసుకోండి. అది గుడ్లు పెట్టేది నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో, ఉప్పు నీళ్లలో. పోటు నీళ్లతో పాటు పిల్లలు లోపలికి కొట్టుకొచ్చి మడ అడవుల్లో, బురద కాలవల్లో తలదాచుకుంటాయి. వాటిలో కొన్ని ఏటికి ఎదురీది మంచినీళ్లలోకి వెళ్లి, కొన్నేళ్లు అక్కడే పెరిగి, గుడ్ల కాలానికి మళ్లీ కిందికి దిగుతాయి, కొన్ని మాత్రం జన్మలో మంచినీటి ముఖమే చూడవు. ఇంకో సంగతి, వీటిలో చాలావరకు ముందు మగవిగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడవిగా మారతాయి. కాబట్టి పెద్ద చేపల్నే ఏరి పట్టుకుంటూ పోతే మనం పట్టేది తల్లుల్ని.

ఏ చేప ఎక్కడెక్కడ తిరిగిందో ఎలా తెలుస్తుందంటారా? చేప చెవి లోపల చిన్న రాయి ఉంటుంది. దాన్ని పల్చగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మొద్దులో కనిపించినట్టు వలయాలు కనిపిస్తాయి, పసి పిల్లల్లో అయితే చాలా జాతులకు రోజుకొకటి చొప్పున. ఉప్పు నీళ్లలో గడిపిన రోజుల్లో ఆ రాయిలోకి స్ట్రాన్షియం అనే మూలకం సాధారణంగా ఎక్కువ చేరుతుంది, మంచినీళ్లలో తక్కువ. ఒక్కో వలయం దగ్గర దాన్ని కొలుచుకుంటూ వెళ్తే ఆ చేప ఎప్పుడు నదిలోకి ఎక్కిందో, ఎప్పుడు దిగిందో తెలిసిపోతుంది. మొదటిసారి ఆ వలయాలు చూసిన రోజు నేను కళ్లు తిప్పుకోలేకపోయాను, గింజంత రాయిలో ఒక బతుకంతా ఉంది!

సరే, అసలు విషయానికి వస్తాను. దారి దానికి ఎలా తెలుస్తుంది? కొంత పుట్టుకతో వస్తుంది, వాసన, చప్పుడు కూడా సాయపడతాయి. కానీ నేర్చుకునేది కూడా ఉంది. కరీబియన్ సముద్రంలో ఫ్రెంచ్ గ్రంట్ అని పసుపు చారల చేప ఉంది. దాని పిల్లలు పగలంతా పగడపు దిబ్బ దగ్గర గుంపుగా ఉండి, మునిమాపువేళ సముద్రపు గడ్డి మైదానాల్లోకి మేతకు బయల్దేరతాయి, రోజూ అదే దారిలో, తెల్లవారుజామున అదే దారిలో వెనక్కి. 1980ల్లో పరిశోధకులు కొన్ని పిల్లల్ని ఇంకో గుంపులో వదిలి, పాతవాటి వెంట తిరగనిచ్చి, తర్వాత ఆ పాతవాటిని తీసేశారు. కొత్తవి ఆ దారి వదల్లేదు! వెంట తిరిగే అవకాశం దొరకని చేపలకు మాత్రం ఆ దారి తెలియలేదు. అంటే పెద్దవాటిని చూసి పిల్లలు నేర్చుకున్నాయన్నమాట. పగలు అవి విడిచే మలమూత్రాలు కింద ఉన్న పగడాలకు ఎరువు, గ్రంట్ గుంపులున్న పగడాలు లేనివాటికంటే వేగంగా పెరిగాయని కూడా తేలింది. ఆ ఎరువు వచ్చేది గడ్డిలో మేసిన మేత నుంచే, కాబట్టి గడ్డిని తవ్వేస్తే దిబ్బకు కూడా దెబ్బే.

అదే సముద్రంలో నసావు గ్రూపర్ అనే చేప ఉంది. మామూలుగా ఒంటరిది. చలికాలంలో పున్నమి రోజులు వచ్చాయంటే చాలు, పదుల కిలోమీటర్లు ఈది ఏటా ఒకే చోట వేల సంఖ్యలో గుమిగూడి, పొద్దు వాలే వేళ గుడ్లు వదులుతుంది. చోటు తెలిసిన వేటగాడికి అంతకంటే తేలికైన వేట ఉండదు. ఇలాంటి కూటాలు చాలా చోట్ల పూర్తిగా ఊడ్చుకుపోయాయి. చిన్న దీవి లిటిల్ కేమన్ దగ్గర కూడా 2001లో ఒకటి బయటపడి, రెండు సీజన్లలోనే వేల చేపలు గాలాలకు పోయాయి. 2003లో అక్కడ వేట ఆపేశారు. ఆపిన వెంటనే ఏమీ మారలేదు, ఏళ్లు పట్టింది. 2009లో సుమారు 1,200 ఉన్నవి 2018కి 7,000 దాటాయి.

నా ఉద్దేశం ఏమిటంటే, కూటం పూర్తిగా ఖాళీ కాకముందే ఆపడం వల్ల ఆ చోటు ఎరిగిన పెద్ద చేపలు కొన్ని మిగిలాయి. కొత్తగా ఎదిగినవి పున్నమికి వాటి వెంటే బయల్దేరి ఉంటాయి.