ఫోటో కడగడం

శ్రోతలందరికీ నమస్కారం. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడిలో నాకొక చిన్న ఫోటో దుకాణం ఉంది. ఆ మధ్య ఒక ముసలమ్మ వచ్చి సెల్‌ఫోన్ నా చేతిలో పెట్టి, "బాబూ, ఇందులో మా మనవడి ఫోటో ఉంది, కడిగిపెట్టు" అంది. పక్కనున్న కాలేజీ కుర్రాడికి ఆ మాట అర్థం కాలేదు. ఫోటోని కడగడమేమిటని నన్నే అడిగాడు. నేను ఈ పనిలోకి వచ్చిందే ఫోటోలు కడగడానికి కాబట్టి, అతనికి చెప్పిందే ఇవాళ మీకు ఇంకొంచెం వివరంగా చెబుతాను.

1991లో మా మావయ్య స్టూడియోలో చేరాను. బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు ఉండేది. కాలేజీ పిల్లలు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోల కోసం గుణుపురం నుంచి చిన్న రైల్లో దిగేవాళ్లు, కొండల మీద నుంచి వచ్చే సవర గిరిజన కుటుంబాలు, అటు పాతపట్నం వైపు నుంచి పెళ్లి పనుల మీద వచ్చేవాళ్లు, అందరూ అక్కడే ఫోటో దిగేవాళ్లు. మావయ్య దగ్గర యాషికా కెమెరా ఉండేది, ఒక రీలుకి 12 ఫోటోలు. పన్నెండే కాబట్టి ఆయన ముందు మనిషిని కూర్చోబెట్టి ఊరి సంగతులు మాట్లాడేవాడు, ముఖంలో బిగువు తగ్గేదాకా ఆగేవాడు, అప్పుడు నొక్కేవాడు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఇక కడగడం. ఫిల్ము మీద జెలటిన్ పొర ఉంటుంది, అందులో వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుతురు పడ్డ రేణువుల్లో మార్పు వస్తుంది గానీ కంటికి ఏమీ కనిపించదు. డెవలపర్ అనే మందునీళ్లలో వేస్తే ఆ రేణువులే నల్లటి వెండిగా మారతాయి. తర్వాత హైపో అనే ఇంకో మందు, వెలుతురు పడని లవణాన్ని కరిగించి తీసేసేది అదే. ఫోటో నిలబడటానికి హైపో పనికొస్తుందని 1839లోనే ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ చెప్పాడు, ఇప్పటికీ అదే వాడుతున్నారు. వాడేసిన హైపోలోకి వెండి దిగుతుంది, ఆ నీళ్లు కొనుక్కోవడానికి కూడా మనుషులు వచ్చేవాళ్లు. ఎర్రబల్బు వెలిగేది కాగితం మీద ప్రింటు వేసేటప్పుడే. ఫిల్ము కడిగేటప్పుడు అదీ ఉండకూడదు, కటిక చీకట్లో చేతి తడుముడు మీదే పని జరగాలి.

కడగడానికి 20 డిగ్రీల వేడి సరైనదని డబ్బా మీద రాసి ఉండేది. మే నెలలో మా ఊళ్లో 20 డిగ్రీల నీళ్లు ఎక్కడ దొరుకుతాయి చెప్పండి? ఐసు తెచ్చి పెద్ద బేసినులో వేసి, అందులో డెవలపర్ గిన్నె పెట్టేవాళ్లం. ఒకసారి నేను వెచ్చటి డెవలపర్‌లోంచి తీసిన రీలుని నేరుగా ఐసునీళ్లలో పెట్టాను. ఆ పొర ముడతలు పడి, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు తేలింది. ఒక కుటుంబం మొత్తం ముఖాలు అలా అయిపోయాయి. మావయ్య కేకలేయలేదు, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి జరిగింది చెప్పి, అందరినీ మళ్లీ కూర్చోబెట్టి తీశాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టే ఉంటుంది.

అందుకని డిజిటల్‌ని నేను తిట్టలేను. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటే, మళ్లీ పెట్టించలేం. 36 ఫోటోల రీళ్లు వేసే కెమెరాల్లో రీలు కొస స్పూలులో సరిగా పట్టకపోతే, లోపల ఫిల్ము కదలకుండానే 36 సార్లు నొక్కేసేవాళ్లం, రీలు కడిగేదాకా తెలిసేది కాదు. ఆ రాత్రంతా టెన్షనే. ఇప్పుడు తీయగానే చూసుకుంటాం, రెండు గంటల రాత్రి ముహూర్తమైనా ఫ్లాష్ లేకుండా పందిట్లో లైట్లకే ఫోటో వస్తుంది. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవ్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరాకి బొమ్మలో పదివేల చుక్కలే (పిక్సెళ్లే), అదీ క్యాసెట్ మీదకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాం.

ఒక సంగతి మాత్రం తెలుసుకోవాలి. డిజిటల్ కెమెరాలో ఫిల్ముకి బదులు ఉండే సెన్సారుకి రంగు తెలియదు, ఎంత వెలుతురు పడిందో కొలవడమే తెలుసు. ఒక్కో చుక్క మీద ఎరుపో ఆకుపచ్చో నీలమో ఒక రంగు అద్దం ఉంటుంది, సగం ఆకుపచ్చవే. మిగతా రంగుల్ని పక్క చుక్కల్ని చూసి లెక్కగట్టి నింపుతారు. ఫోన్ అయితే మనం ఒక్కసారి నొక్కితే తాను చాలా బొమ్మలు తీసి, బాగున్న ముక్కలు కలిపి ఇస్తుంది. ఇక్కడిదాకా నాకు ఇష్టమే. ముఖాన్ని నున్నగా చేసే పని దగ్గరే నాకు మనసొప్పదు. మా దుకాణానికి వచ్చే పెద్దావిడల్లో చాలామందికి గడ్డం మీద పచ్చబొట్టు ఉంటుంది. చిన్నప్పుడు ఏడ్చి పొడిపించుకున్న బొట్టు అది, ఫోన్ దాన్ని మచ్చ అనుకుని తుడిచేస్తుంది, ముడతలతో పాటు.

పాతరోజుల్లో దిద్దేవారు కాదా అంటారేమో. దిద్దేవారు. మావయ్య పెన్సిలు మొన సూదిలా చెక్కి, నెగెటివ్ మీద, అంటే వెలుగునీడలు తారుమారుగా కనిపించే కడిగిన ఫిల్ము మీద, ఆటలమ్మ మచ్చల చోట సన్నగా అద్దేవాడు. నెగెటివ్ మీద నల్లగా అద్దితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది కదా, గుంట పూడినట్టు కనిపిస్తుంది. కానీ ముందు అడిగేవాడు, "ఈ మచ్చ ఉంచనా, తీయనా అమ్మా?" అని. ఉంచమన్నవాళ్లే ఎక్కువ.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది గుర్తుందా? పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని ముంచేసింది. నా దుకాణంలోకి బురదనీళ్లు వచ్చాయి. మూడేళ్ల పెళ్లిళ్ల ఫోటోలున్న హార్డ్‌డిస్కు మునిగి, మళ్లీ పలకలేదు. ఇంకో చోట కాపీ పెట్టుకోలేదు, అది నా తప్పే. కింద గదిలో మావయ్యవి నాలుగు ట్రంకుపెట్టెల నెగెటివ్‌లు కూడా మునిగాయి. తడిసినవి ఆరితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అందుకని ఆరనివ్వకుండా మంచినీళ్ల బకెట్లలో వేసి, రెండు రోజులు మా ఆవిడా నేనూ ఒక్కొక్కటి విడదీసి, మళ్లీ కడిగి, బట్టల క్లిప్పులతో దండేల మీద ఆరేశాం. కొన్నింటికి పొర ఊడిపోయింది. చాలావరకు దక్కాయి. 1970ల నాటి ముఖాలు ఇంటినిండా వేలాడుతుంటే వీధిలోవాళ్లు వచ్చి తమవాళ్లని వెతుక్కున్నారు.

అప్పటి నుంచి ఆ నెగెటివ్‌లని డిజిటల్ కెమెరాతోనే ఫోటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. మీరూ చేయొచ్చు. ట్యాబ్‌లో తెల్లటి తెర పెట్టి, దాని మీద కాస్త ఎత్తులో పాలరంగు అక్రిలిక్ రేకు ఉంచండి, లేకపోతే తెర చుక్కలు కూడా ఫోటోలో పడతాయి. రేకు మీద నెగెటివ్ పరిచి, గదిలో లైటు ఆర్పి, దగ్గర నుంచి తీసి, ఎడిటింగ్ యాప్‌లో రంగులు తిరగేయండి (ఇన్వర్ట్). బ్లాక్ అండ్ వైట్ అయితే వెంటనే వచ్చేస్తుంది, కలర్ నెగెటివ్‌కి నారింజ రంగు పొర ఉంటుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టాలి. తీశాక కాపీలు రెండు చోట్ల కాదు, మూడు చోట్ల పెట్టండి, ఒకటి వేరే ఊళ్లో ఉంటే ఇంకా మంచిది. నెగెటివ్‌ని మాత్రం పారేయొద్దు. వాట్సాప్‌లో పంపినదాన్ని దాచుకున్నట్టు లెక్కవేయకండి, మామూలుగా పంపితే అందులో ఫోటో కుదించుకుపోయి వస్తుంది. మీ ఊళ్లో పాత స్టూడియో మూసేస్తుంటే, కవర్లు చెత్తబండికి వెళ్లేలోపు ఒకసారి వెళ్లి అడగండి.

మావయ్య కవర్ల మీద కొన్నింటికి తెలుగులో, కొన్నింటికి ఒడియాలో రాసేవాడు. ఒక కవరు మీద 1147 అని నెంబరు, పక్కన పెన్సిలుతో "పెళ్లిచూపులకి, తొందర" అని ఉంది. లోపల రెండు జడల అమ్మాయి, పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పూలకుండీ. ఆ ఏడాది రిజిస్టరు తుఫాన్లో తడిసి, పేరు దగ్గర సిరా అలుక్కుపోయింది. ఆ ఫోటో కడిగి దుకాణం అద్దాల బీరువాలో పెట్టాను. ఆ జడల అమ్మాయి మీరే అయితే, లేదా మీ అమ్మో అత్తో అయితే, పర్లాకిమిడి వచ్చి తీసుకెళ్లండి.

నమస్కారం.