మడతకత్తి లోపలి మురికి

అందరికీ నమస్కారం. ఇంత చలిలో పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, సంతోషం.

అమెరికాలోని ఈ విస్కాన్సిన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట తొమ్మిది రోజులు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలవుతుంది. మీలో కొందరు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని, ఈ ఏడే మొదటిసారి అడవికి వెళ్తున్నారు. తుపాకీ సంగతి ఆ క్లాసులో బాగానే చెప్పి ఉంటారు. జింక పడ్డాక చేతికి కావాల్సింది కత్తి. నేను దాని గురించే మాట్లాడతాను. ముందుగా ఒక మాట: మన భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. కాబట్టి నేను చెప్పేదంతా ఇక్కడి అడవికే.

కొత్తవాళ్ళు దాదాపు అందరూ పెద్ద కత్తి కొంటారు. అవసరం లేదు. మూడు, మూడున్నర అంగుళాల బ్లేడు చాలు. 1964లో శాన్ డియేగో నుంచి బక్ కంపెనీ తెచ్చిన 110 అనే మడతకత్తి బ్లేడు మూడుముప్పావు అంగుళాలే. తెరిస్తే వెనక లాక్ పడుతుంది, మూస్తే నడుముకు ఒదిగిపోతుంది. అది వచ్చాక వేటగాళ్ళు ఒరలో పెట్టుకునే పెద్ద కత్తి లేకుండానే పని కానిచ్చుకోవచ్చని తెలుసుకున్నారు. ఊళ్ళో జాతరకు పొట్టేలును కోసే మనిషిని గుర్తుచేసుకోండి. తోలు వలిచేటప్పుడు కత్తి కొంచెమే వాడతాడు, మిగతాదంతా గుప్పిటతో తోస్తాడు. ఇక్కడా అంతే.

జింక కూడా మేకలాగే నెమరువేసే జంతువు. కడుపు పెద్దది, నిండా మేత ఉంటుంది. దానికి కత్తిమొన తగిలితే లోపలిదంతా మాంసం మీద పడుతుంది. అందుకే జింకను వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట కింద తోలును చిటికెతో పైకెత్తి, ముందు చిన్న గంటు పెట్టండి. ఆ గంటులోకి ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు దూర్చి, ఆ రెండింటి మధ్య బ్లేడు పెట్టండి. వాదర ఆకాశం వైపు ఉండాలి. వేళ్ళు కడుపును కిందికి నొక్కుతూ ముందు నడుస్తాయి, కత్తి వాటి వెనకే రొమ్ము ఎముక దాకా నెమ్మదిగా వెళ్తుంది. తోలు లోపలినుంచి బయటికి తెగుతుంది కాబట్టి మాంసం మీద వెంట్రుకలు కూడా తక్కువ పడతాయి. తర్వాత మలద్వారం చుట్టూ కోసి వదులు చేయాలి. మూత్రాశయం జాగ్రత్త. పక్కటెముకల అంచు వెంట, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే డయాఫ్రం పొరను కోసి, చెయ్యి ఛాతీలోకి పంపి, గాలిగొట్టం తెంపి, అంతా కలిపి ఒక్కసారి బయటికి లాగడమే. గాలిగొట్టం కోసేటప్పుడు రెండు చేతులూ లోపలే ఉంటాయి, కత్తి కంటికి కనబడదు. తొందరపడకండి. ఒళ్ళు వేడి ఎంత త్వరగా దిగితే మాంసం అంత బాగుంటుంది, 4 డిగ్రీల సెల్సియస్ కిందికి రావాలి.

ఇక నా వేలి మీద ఈ మచ్చ. మూడో ఏడు, ఒక సాయంత్రం పని అయ్యాక కత్తిని గడ్డికి తుడిచి, మడిచి, బ్యాగులో పడేశాను. వారం తర్వాత ఇంకో జింక. కత్తి తెరిస్తే ఎప్పుడూ వినబడే ‘టక్’ రాలేదు, మెత్తగా ఆగింది. పట్టించుకోలేదు. పేగుల్ని పక్కకు నెట్టడానికి కత్తి వెనక అంచుతో నొక్కాను. బ్లేడు అట్టే మూసుకుని చూపుడువేలి మీద పడింది. నాలుగు కుట్లు. ఇంటికొచ్చి దీపం కింద చూస్తే లాక్ కూర్చునే గాడిలో ఎండిన కొవ్వు, నాలుగైదు వెంట్రుకలు. చూపుకు బియ్యపుగింజంత. ఆ గింజ వల్లే లాక్ పూర్తిగా దిగలేదు.

మామూలు కత్తికి బయటే తప్ప లోపల లేదు. మడతకత్తికి ఇరుసు ఉంది, గాడి ఉంది, పిడిలో బ్లేడు దూరే సందు ఉంది. నెత్తురు మొదట చేరేది అక్కడికే.

కడగడం ఆ రాత్రే చేయండి. ముందు చన్నీళ్ళు. బట్ట మీద నెత్తురు మరకకు అమ్మ వేణ్ణీళ్ళు పోయనిచ్చేది కాదు, గడ్డకట్టి పట్టుకుంటుందని. కత్తికీ అదే లెక్క. నెత్తురు పోయాక కొవ్వుకు వేణ్ణీళ్ళు, గిన్నెల సబ్బు. పాత టూత్‌బ్రష్‌తో వెనక నుంచి వాదర వైపు రుద్దండి. గాడిలో టూత్‌పిక్. పిడి సందులోకి చీపురుపుల్లకు గుడ్డపేలిక చుట్టి తిప్పండి, ఎంత నల్లగా వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. పేలిక తెల్లగా వచ్చేదాకా ఆపొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఇరుసులో ఒక్క చుక్క మందుల షాపులో దొరికే మినరల్ ఆయిల్ వేయండి. కొబ్బరినూనె, వేరుసెనగ నూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురు కడతాయి. డిష్‌వాషర్ అసలు వద్దు. తోలు ఒరలో నిలవ ఉంచితే చెమ్మ పట్టి బ్లేడు తుప్పు, పిడి మీది ఇత్తడి పట్టీలు చిలుం పడతాయి. ఇత్తడికి మాత్రం చింతపండు రుద్దవచ్చు. బ్లేడుకు తగలనివ్వకండి, పులుపుకు ఉక్కు మచ్చలు పడుతుంది.

ఇంకో విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జింకల మెదడును పాడుచేసి చంపే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు విస్కాన్సిన్ జింకల్లో 2002లో బయటపడింది. దానికి కారణం ప్రయాన్లనే చెడిన ప్రోటీన్లు. సబ్బుకు, వేడినీళ్ళకు పోవు. రెండు వంతులు ఇంటి బ్లీచ్, మూడు వంతులు నీళ్ళు కలిపి ఐదు నిమిషాలు నానబెడితే ఉక్కు పైన ఉన్నవి నిర్వీర్యమవుతాయని 2019లో మోంటానాలోని రాకీ మౌంటెన్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. కానీ కండ ముద్దలోపలికి బ్లీచ్ పోదని కూడా వాళ్ళే చెప్పారు. అంటే ఇరుసులో కొవ్వు ఉండగా బ్లీచ్‌లో ముంచినా లాభం లేదు, ముందు గోకి తీయాల్సిందే. బ్లీచ్ తర్వాత వెంటనే బాగా కడగాలి, లేకపోతే లోహాన్ని తింటుంది. ప్రయాన్లు ఎక్కువగా ఉండేది మెదడులో, వెన్నుపాములో కాబట్టి తల, వెన్నెముక జోలికి మడతకత్తితో వెళ్ళకండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఈ కత్తి వంటింట్లోకి రాకూడదు. ఈ జబ్బు ఉందేమోనని జింకను డీఎన్ఆర్, అంటే రాష్ట్ర సహజ వనరుల శాఖ, ఉచితంగా పరీక్షిస్తుంది, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో ఉండనివ్వండి.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి రండి. నిన్న మటన్ కొవ్వు పూసి ఎండబెట్టిన కత్తులు ఆరు ఉన్నాయి, రెండు టబ్బుల నీళ్ళు, బ్రష్‌లు, చీపురుపుల్లలు ఉన్నాయి. ఒక్కొక్కరు ఒకటి కడిగి, తెరిచి, ‘టక్’ వినిపించండి. పిల్లలు కాస్త దూరంగా కూర్చోండి నాన్నా, పేలికలు మీరు అందించండి.