వెల్లకిలా పడుకున్న టరాంటులా: పెంపుడు జంతువుల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: మీ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి వెటర్నరీ డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ డాలస్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా అబ్బాయి మెక్సికన్ రెడ్ నీ అనే టరాంటులాని, అంటే పెద్ద సాలీడుని పెంచుతున్నాడు. వాడు ఊరెళ్తూ నాకు అప్పజెప్పాడు. పొద్దున చూస్తే వెల్లకిలా పడి ఉంది, కాళ్ళన్నీ పైకి. చచ్చిపోయిందేమోనని ఒకటే టెన్షన్. తిప్పి పెట్టనా?

డాక్టర్: వద్దమ్మా, ముట్టుకోకండి! ఈ మధ్య తిండి మానేసిందా?

కాలర్: అవునండీ, కీచురాయి వేసినా పట్టించుకోవట్లేదు. పొట్ట మీద వెంట్రుకలు రాలిన చోట నల్లబడింది కూడా.

డాక్టర్: అయితే అది కుబుసం విడుస్తోంది. చనిపోయే సాలీడు మామూలుగా వెల్లకిలా పడదు, ఉన్నచోటే కాళ్ళు కిందికి ముడుచుకుంటుంది. పెద్దదైతే ఈ పనికి చాలా గంటలు పడుతుంది. మధ్యలో కదిపారా, కాళ్ళు ఊడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పెట్టెలో కీచురాయి ఏమైనా మిగిలిందా?

కాలర్: మూలన ఒకటి ఉందండీ.

డాక్టర్: దాన్ని మాత్రం పొడుగాటి పట్టకారుతో, సాలీడుకి తగలకుండా తీసెయ్యండి. ఇప్పుడు ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, కీచురాయే దాన్ని కొరికెయ్యగలదు. కొత్త కోరలు మొదట తెల్లగా ఉంటాయి, తర్వాత ఎర్రబడి నల్లగా గట్టిపడతాయి. నల్లబడే దాకా ఏమీ వెయ్యకండి, రెండు వారాలు ఆగినా నష్టం లేదు. నీళ్ళ గిన్నె మాత్రం నిండుగా ఉండాలి.

కాలర్: చలిగా ఉందని వేడి లైటు పెడదామనుకున్నానండీ.

డాక్టర్: అక్కర్లేదమ్మా. మీకు హాయిగా ఉన్న గది దానికీ చాలు. లైటు వేడికి ఎండిపోతుంది. పెట్టె ఎంత ఎత్తుంది?

కాలర్: పెద్దదేనండీ, చేపల తొట్టెలాంటిది.

డాక్టర్: మీ అబ్బాయి రాగానే అందులో కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొడి, ఇంకా పొయ్యమనండి. ఇది నేల మీద బతికే జాతి. కోకోపీట్ నుంచి మూత దాకా ఉన్న ఎత్తు, కాళ్ళు చాపినప్పుడు దాని వెడల్పు ఎంతో అంతకి ఒకటిన్నర రెట్లు మించకూడదు. అద్దం ఎక్కి జారిపడితే పొట్ట పగిలిపోతుంది. చేతిలో ఆడించొద్దన్నది కూడా అందుకే. పైగా బెదిరితే వెనక కాళ్ళతో పొట్ట మీది నూగు రేపుతుంది. అది కంట్లో పడితే కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. పెట్టె సర్దాక చేతులు కడుక్కోవాలి. ఆడదైతే పాతికేళ్ళు బతుకుతుందమ్మా, అంతకాలం ఓపికగా చూసుకోవాలి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ హైదరాబాద్ నుంచి.

కాలర్: డాక్టర్ గారూ, నాకు గుత్తి నీలం టరాంటులా అంటే పిచ్చి. నల్లమల నుంచి ఒకటి పట్టి తెస్తానని ఫ్రెండ్ అంటున్నాడు. దాని పెట్టె ఎలా ఉండాలండీ?

డాక్టర్: పెట్టె సంగతి తర్వాత బాబూ, ముందు తేవొద్దని చెప్పు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన సాలీడు అది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది కాబట్టి ఆ పేరొచ్చింది. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందంటారు. మళ్ళీ 2001లోనే, నంద్యాల-గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. మన దేశంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతి అని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లోనే చెప్పింది. ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది, వంటచెరుకుకి ఆ చెట్లే పోతున్నాయి. మిగిలినవాటిని మనమే పట్టుకొస్తే ఎలా?

కాలర్: విదేశాల్లో అమ్ముతున్నారు కదండీ?

డాక్టర్: అక్కడివి ఎక్కువగా పెంపకందారుల దగ్గరే పుట్టినవి. 2019 నుంచి ఈ జాతి వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ కూడా ఉంది. మన దేశంలో ఆ నియంత్రణ జాబితాలో ఉన్న జీవులు ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలని 2024లో రూల్స్ వచ్చాయి. అడవిలోంచి తెచ్చినదానికి ఆ దారి కూడా లేదు. ఇంకొకటి, ఇది మహా వేగం, కరిస్తే కండరాలు పట్టేసి విపరీతమైన నొప్పి. మొదటిసారి పెంచేవాళ్ళకి తగినది కాదు.

కాలర్: ఒకవేళ ఇప్పటికే పట్టేసి ఉంటే?

డాక్టర్: మీ ఫ్రెండ్‌ని తనంతట తాను దాన్ని ఎక్కడో వదిలెయ్యొద్దని చెప్పు. దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకి అప్పజెప్పి, ఏ చోట, ఏ చెట్టు మీద దొరికిందో కూడా చెప్పమను.